పెంక నుంచి ఇనుప పలక దాకా: తెలుగునాట పెనం, మంట, బండి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగువారి ఆహారచరిత్రపై వచ్చిన రచనల్లో వంటకాలకు దక్కిన చోటు వంట పరికరాలకు దక్కలేదు. అట్టు, దోసె, రొట్టెల ప్రస్తావనలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికిన పరిశోధన, వాటిని కాల్చిన పెనం దగ్గర పెద్దగా ఆగలేదు. మట్టి పెంకగా మొదలైన ఈ పరికరం ఇనుప రేకుగా, హోటలు పలకగా, చివరకు చిన్న గ్యాస్ పొయ్యి మీద వీధి బండిలో తిరిగే పెనంగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేర్లు, క్రియలు, జాతీయాలు ఇందులో ప్రధాన ఆకరాలు. మంట కదలగలిగేదిగా మారినప్పుడు పెనం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళింది అన్నది ఇందులోని ముఖ్య ప్రశ్న.

కీలకపదాలు: పెనం, పెంక, అట్టు, దోసె బండి, గ్యాస్ పొయ్యి, వృత్తిపదాలు, ఆహారచరిత్ర.

1. ఉపోద్ఘాతం

వంటకం తినగానే పోతుంది. పరికరం మిగులుతుంది. అయినా చరిత్రకారుడి దృష్టి ఎక్కువగా వంటకం మీదే నిలిచింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. కవి భోజనాన్ని వర్ణించాడు గాని పొయ్యిని వర్ణించలేదు. వడ్డన వర్ణనలో విస్తరి ఉంటుంది, విస్తరిలో పదార్థాల పేర్లుంటాయి, తిన్నవారి తృప్తి ఉంటుంది. వంటింట్లో మసిబారిన పెనానికి అందులో చోటు లేదు. కావ్యాధారాలపైనే నిలబడిన ఆహారచరిత్ర కూడా ఆ కొరతనే వారసత్వంగా పొందింది.

అయితే భాషలో పెనానికి చోటుంది. దాని పేర్లలో, దానిమీద చేసే పనికి వాడే క్రియల్లో, దాని చుట్టూ అల్లుకున్న జాతీయాల్లో చాలా సమాచారం నిలిచి ఉంది. ఆ సమాచారాన్ని పొయ్యి చరిత్రతో కలిపి చదివితే ఒక విషయం తేటపడుతుంది: పెనం ఆకారం వందల ఏళ్లుగా పెద్దగా మారలేదు. మారింది దాని కింది మంట. మంట మారిన ప్రతిసారీ పెనం వెడల్పు, మందం, దాని చోటు, దాని ముందు నిలబడే మనిషి మారుతూ వచ్చారు.

2. పేరులో మట్టి

కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో ‘పెనం’ (గ్రాంథికంలో పెనము) అనేది వాడుక. తెలంగాణలో రొట్టె కాల్చే పరికరానికి ‘పెంక’ అనే పేరుంది. ఈ రెండో పేరు చారిత్రకంగా విలువైనది. ఇంటి కప్పు మీద పరిచే కాల్చిన మట్టి బిళ్ల పెంకు. పగిలిన కుండ ముక్క కూడా పెంకే. కాలిన మట్టికి చెప్పే మాటే రొట్టె కాల్చే పరికరానికీ నిలిచింది. ఇవాళ తెలంగాణ ఇళ్ళలో పెంక అంటే ఇనుపదే. పేరు మాత్రం మట్టిని మరువలేదు.

పొరుగు భాషలు ఈ ఊహను బలపరుస్తాయి. కన్నడంలో ‘హంచు’ అంటే ఇంటి పెంకు, రొట్టె కాల్చే పెనం కూడా. తమిళంలో దోసె పెనాన్ని ‘దోసైక్కల్’ అంటారు. అక్కడ ‘కల్’ అంటే రాయి. ఒక భాష మట్టిని గుర్తుపెట్టుకుంది, మరొకటి రాతిని గుర్తుపెట్టుకుంది. లోహానికి ముందు దక్షిణాదిన మనుషులు దేనిమీద పిండిని కాల్చారో ఈ పేర్లే చెబుతున్నాయి. హైదరాబాదులో ‘పత్తర్ కా గోష్త్’ పేరుతో నేటికీ రాతి పలకను బొగ్గుల మీద కాల్చి మాంసం ముక్కలు వేపుతారు. ఆరో నిజాం వేటకు వెళ్ళినప్పుడు ఇది పుట్టిందని నగరంలో చెప్పుకుంటారు. ఆ కథ నిజానిజాలు ఎలా ఉన్నా, అడవిలో దొరికిన చదునురాయి పెనంగా పనికొస్తుందన్న ఎరుక మాత్రం ఏ నిజాం కాలంకన్నా పాతదే.

మూకుడు కథ కూడా ఇలాంటిదే. అది మొదట మట్టి పాత్ర. ఇనుముదో ఇత్తడిదో వచ్చాక కూడా ‘బూరెల మూకుడు’ అనే పేరు పోలేదు. పాత పదార్థం పేరు కొత్త పదార్థానికి బదిలీ కావడం వంటింటి భాషలో తరచూ కనిపించే లక్షణం. తెలంగాణలోని సర్వపిండి ఈ విషయంలో మరో అడుగు ముందుకు వేసింది. సర్వ అనే లోతైన పాత్ర లోపలి గోడకు పిండిని అదిమి, పాత్రనే పొయ్యి మీద పెట్టి కాలుస్తారు. వంటకానికి పాత్ర పేరే పెట్టారు. కోస్తాలో దీని దగ్గరి చుట్టం తపేలా చెక్క, దానిపేరులోనూ పాత్రే ఉంది. విడిగా పెనం లేని ఇంట్లో ఉన్న గిన్నే పెనమైన సందర్భాలివి.

ప్రాచీన ఆధారాల్లో ముఖ్యమైనది పన్నెండో శతాబ్దపు మానసోల్లాసం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన ఈ విజ్ఞాన సర్వస్వంలో అన్నభోగమనే భాగం ఉంది. అందులో దోసక ప్రస్తావన కనిపిస్తుంది. దానిని పప్పుపిండితో చేసేవారని ఆహారచరిత్రకారుడు కె. టి. అచ్చయ్య తన గ్రంథంలో (1994) వివరించారు. బియ్యం కలవని ఆ దోసక నేటి మసాలా దోసెకన్నా మన పెసరట్టుకే దగ్గర. పెసరట్టును కొత్త హోటలు వంటకంగా భావించేవారు ఈ సంగతి గమనించాలి.

3. పోయడం, కాల్చడం, తట్టడం

పెనం మీద చేసే పనికి తెలుగులో ఒకే క్రియ లేదు. రొట్టెను ‘కాలుస్తారు’, ‘చేస్తారు’, ‘తడతారు’. అట్టును ‘పోస్తారు’. దోసెను ‘వేస్తారు’. ఈ తేడాలు అలంకారం కోసం పుట్టినవి కావు. జొన్నపిండి ముద్దను చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైవైపు తడిచేత్తో రాసి, తిప్పి, ఆపై నిప్పుల మీద నిలబెట్టి పొంగించేది రొట్టె. దీనికి పెనం ఒక మజిలీ మాత్రమే, చివరి పని నిప్పులు చేస్తాయి. అందుకే ‘కాల్చు’ అనే మాట. అట్టు అలా కాదు. జారుడు పిండి పెనం మీద పడినప్పటినుంచి దిగేదాకా మంటను చూడదు. దానికి ఆధారం పెనం ఒక్కటే. పెనం సమంగా కాలకపోతే అట్టు ఒకచోట మాడి మరోచోట పచ్చిగా ఉంటుంది. రొట్టె చేసేవారికన్నా అట్టు పోసేవారికి పెనంతో పని ఎక్కువ అనడం అందుకే.

ఇంగ్లీషులో గ్రిడిల్, గ్రిల్ అనే రెండు మాటలున్నాయి. మొదటిది చదునైన పలక, రెండోది మంట కనిపించే జాలి. రెండూ జాలి అనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువునుంచి వచ్చాయి. అక్కడ పలకకు జాలి పేరే వచ్చింది. తెలుగులో ఈ కలగలుపు జరగలేదు. నిప్పుల మీద కాల్చినది వేరు, పెనం మీద పోసినది వేరు. జాలి మీద పలక పెట్టుకోవలసిన అవసరం తెలుగువారికి ఇటీవల గాని రాలేదు. ఆ సంగతి వ్యాసం చివర వస్తుంది.

అట్టు ఇంటి గడప దాటిన పాత సందర్భం అట్లతద్ది. ఆశ్వయుజ బహుళ తదియనాడు ఆడపిల్లలు, ముత్తైదువులు నోము పట్టి, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అట్లు వాయనమిస్తారు. పది, పదకొండు చొప్పున అట్లు ఇంటింటికీ మారతాయి. ‘అట్టుకు అట్టున్నర’ అనే జాతీయం ఈ ఇచ్చిపుచ్చుకోవడాల లోకానిదే. ఇచ్చినదానికి సగం కలిపి తిరిగివ్వడమని దాని అర్థం. తరువాత్తరువాత పగ తీర్చుకోవడానికి కూడా అదే మాట వాడుకలోకి వచ్చింది. అట్టును కొలతగా తీసుకున్న భాష ఇది. అంటే ఏ ఇంటి అట్టయినా ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండేదన్నమాట. ఆ పరిమాణాన్ని నిర్ణయించింది ఇంటి పెనం. ఇంటి పెనాన్ని నిర్ణయించింది మట్టి పొయ్యి నోరు.

‘పెనం మీదనుంచి పొయ్యిలో పడ్డట్టు’ అనే సామెత కూడా పొయ్యి నిర్మాణాన్ని దాచుకుంది. మట్టి పొయ్యికి నోరు పెద్దది, మంట పైకి కనిపిస్తుంది, పెనం అంచునుంచి జారినది నేరుగా నిప్పుల్లో పడుతుంది. గ్యాస్ పొయ్యి మీద జారిన అట్టు పడేది స్టీలు పళ్లెంలో. సామెత బతికే ఉంది గాని దానిలోని బొమ్మ ఒక తరం పిల్లలకు కనిపించని బొమ్మ అయింది.

4. పోసినవారు ఎప్పుడు తిన్నారు?

ఈ విభాగానికి కావ్యాధారం లేదు. వంటకం స్వభావమే ఆధారం. అన్నం వండి దించితే ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోవచ్చు. ఇడ్లీకి వాయి ఉంటుంది. అట్టు ఒక్కొక్కటిగా దిగుతుంది, దిగినదాన్ని వేడిగా తినాలి. కాబట్టి పోసే మనిషి తినేవారితో కలిసి కూర్చోలేదు. ఇంట్లో ఆరుగురుంటే, మనిషికి రెండు చొప్పున, పన్నెండు అట్లు పోసేవరకు ఆమె పొయ్యి దగ్గరే ఉండాలి. పన్నెండో అట్టు పోసేసరికి మొదట తిన్నవారు చేయి కడుక్కుని వెళ్ళిపోయి ఉంటారు. చివరి అట్టు, సాధారణంగా పిండి గిన్నె గీకి పోసినది, ఆమెది.

కట్టెల పొయ్యి అయితే దీనికి పొగ తోడు. పెనం సమంగా కాలాలంటే మంటను ఎగదోస్తూ తగ్గిస్తూ ఉండాలి. ఒక చేయి అట్లకాడ మీద, మరో చేయి కట్టె మీద. వేడి పెరిగితే నీళ్లు చిలకరించాలి. ఒక గ్రాము నీరు ఆవిరైపోవడానికి సుమారు 2,260 జౌళ్ల వేడి తీసుకుంటుందని భౌతికశాస్త్రం చెబుతుంది. చుయ్‌మన్న చప్పుడును బట్టి పెనం వేడిని కొలవడం ఆమెకు ఆ అంకెతో పని లేకుండానే తెలుసు. నీటిచుక్క వెంటనే ఇగరకుండా గుండ్రంగా పరుగెత్తితే పెనం మరీ కాలిందని అర్థం. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ ఈ నీటిచుక్క పరుగును వివరించాడు, ఆ దృగ్విషయానికి అతని పేరే నిలిచింది. పెనం ముందు దాన్ని రోజూ చూసినవారి పేర్లు ఏ శాస్త్రంలోనూ లేవు.

కోసిన ఉల్లిపాయ అర్ధచెక్కను నూనెలో ముంచి పెనాన్ని రుద్దడం, వంకాయ తొడిమను అందుకు వాడడం ఈ పనిలో భాగమే. దీన్ని రుచి కోసమని కొందరు అనుకుంటారు. ఇనుప పెనం మీద నూనె పలుచగా పరుచుకుని కాలినప్పుడు గట్టి పొరగా మారుతుంది. ఆ పొర ఉంటేనే అట్టు అంటుకోకుండా లేస్తుంది. ఉల్లి చెక్క నూనెను పలుచగా, అంతటా ఒకేలా రాసే కుంచె. కొత్త ఇనుప పెనాన్ని కొన్నాళ్లు నూనె రాసి కాల్చి ‘పండించడం’, అట్ల పెనాన్ని కూరలకు వాడనివ్వకపోవడం, సబ్బుతో తోమనివ్వకపోవడం ఇందుకే. పుల్లని పులుసు ఒక్కసారి మరిగితే నెలల తరబడి కట్టిన పొర పోతుంది. అట్ల పెనానికి వంటింట్లో ఉన్న ఈ మడి వెనుక పనితనం ఉంది.

5. హోటలు పలక

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మద్రాసులోను, క్రమంగా రాజధానిలోని ఇతర పట్టణాల్లోను ఉడుపి హోటళ్లు వెలిశాయి. 1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలోనే ఉన్నాయి కాబట్టి ఆ హోటలు సంస్కృతి ఇక్కడికి రావడానికి సరిహద్దు అడ్డు లేదు. ఈ హోటళ్లలో వంట మగవారిది. గుండ్రని పెనం స్థానంలో ఇటుక పొయ్యి మీద పరిచిన పెద్ద ఇనుప పలక వచ్చింది. ఒకేసారి ఆరేడు దోసెలు వేయవచ్చు.

పేరూ మారింది. ఇంట్లో పోసేది అట్టు, హోటల్లో వేసేది దోసె అనే వాడుక కోస్తాలో స్థిరపడింది. మసాలా దోసె ఉంది గాని మసాలా అట్టు అని ఎవరూ అనరు. పెసరట్టు మాత్రం హోటల్లో అడుగుపెట్టి కూడా తన పేరు వదులుకోలేదు. ఉప్మాను కడుపులో పెట్టుకుని ఎమ్మెల్యే పెసరట్టయింది, పెసరదోసె కాలేదు. రాయలసీమలో ఎర్రకారం దోసె, నెల్లూరులో కారం దోసె పేరుపొందాయి. ఈ పేర్లన్నీ పలక మీద పుట్టినవే.

ఇంటి పెనానికీ హోటలు పలకకూ తేడా వెడల్పులోనే ఉందనుకుంటే పొరపాటు. అసలు తేడా బరువులో ఉంది. 26 సెంటీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పెనం సుమారు కిలోంబావు తూగుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, సెంటీమీటరు మందం ఉన్న పలక 21 కిలోలు దాటుతుంది. అంటే అది పదిహేడు ఇంటి పెనాలతో సమానం. చల్లని పిండి పడినప్పుడు పలుచని పెనం వెంటనే చల్లబడుతుంది, మందపు పలక తన నిల్వనుంచి వేడి ఇస్తుంది. హోటలు దోసె కరకరలాడడానికీ ఇంటి అట్టు మెత్తగా ఉండడానికీ పిండిలో తేడా ఎంతో పెనం బరువులో తేడా అంత. ఇంట్లో హోటలు దోసె రావడంలేదని చేతిపనిని తప్పుపట్టిన సంసారాలు లెక్కలేనన్ని. తప్పు ఇరవై కిలోల ఇనుము లేకపోవడంలో ఉంది.

6. మంట కదిలింది

పలక బరువెక్కింది గాని హోటలు గోడల మధ్యే ఉండిపోయింది. కట్టెల పొయ్యిని బండి మీద పెట్టడం కష్టం. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ రకం కిరోసిన్ స్టవ్వు ఈ పరిస్థితిని కొంత మార్చింది. తెలుగు ఊళ్లలో దాన్ని పంపు స్టవ్వు అన్నారు. గాలి కొట్టిన కొద్దీ నీలిమంట, చెవులు గింగురుమనే చప్పుడు. దానితో టీ బండ్లు, పకోడీల బండ్లు నడిచాయి. విశాలమైన పలకను సమంగా కాల్చడానికి ఆ ఒక్క మంట చాలలేదు.

వంటగ్యాసు మనదేశంలో 1950ల నడుమ బొంబాయిలో బర్మా షెల్ ద్వారా అమ్మకానికి వచ్చింది. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇచ్చింది. విశాఖపట్నంలో 1957నుంచే కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం ఉన్నా, చాలాకాలం గ్యాస్ కనెక్షన్ పట్టణ మధ్యతరగతి హోదాగానే మిగిలింది. వరుసలో పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూసిన కుటుంబాలున్నాయి.

గ్యాసు వచ్చాక బండి స్వరూపం మారింది. నేడు తెలుగునాట ఏ ఊరి కూడలిలోనైనా కనిపించే టిఫిన్ బండి దీని ఫలితమే. ఇనుప కోణాల చట్రం, సైకిలు చక్రాలు, పైన మందపు పలక, కింద బర్నరు, ఇంకా కింద సిలిండరు. చూడటానికి సాదాసీదాగా ఉన్నా ఈ కూర్పులో చాలా అనుభవం ఉంది. గ్యాసు మంట ఒక చిన్న వలయం. దానిమీద పెద్ద పలక పెడితే నడిమి భాగం మాడుతుంది, అంచులు చల్లగా ఉంటాయి. ఇనుము వేడిని పక్కలకు పంచడంలో అల్యూమినియంలో మూడోవంతు వేగం కూడా చూపదు. దీనికి బండివారు రెండు దారులు కనుగొన్నారు. ఒకటి, వలయానికి బదులు వరుస రంధ్రాలున్న పొడవాటి గొట్టపు బర్నర్లు. రెండోది, లోపాన్నే వాడుకోవడం. నడుమ దోసె వేస్తారు, కాలినదాన్ని అంచుకు జరిపి వెచ్చగా ఉంచుతారు, ఒక మూల ఆలుగడ్డ కూర, మరో మూల ఉప్మా. పలక మీద అదృశ్యంగా గీసిన ఈ పటం వేసే మనిషి చేతికి కంఠస్థం.

గాలి రెండో సమస్య. మూడువైపులా రేకు కట్టి, ఒకవైపు తెరిచి ఉంచుతారు. నాలుగువైపులా మూసేస్తే మంటకు ఊపిరి ఆడదు. పలక కింద చుట్టూ కొంత సందు లేకపోతే కాలిన వాయువులు బయటికి పోలేక మంట పసుపురంగుకు తిరుగుతుంది, మసి పడుతుంది, విషవాయువు పుడుతుంది. వెనక్కి తన్నిన వేడి గ్యాసు గొట్టాన్నీ కవాటాన్నీ తాకుతుంది. చిన్న పొయ్యి మీద దానికన్నా పెద్ద పలకను అంచులు కప్పేలా పెట్టడంలో ఉన్న ప్రమాదం ఇదే.

మూడోది సిలిండరు చలి. ద్రవం వాయువుగా మారేటప్పుడు సిలిండరునుంచే వేడి లాక్కుంటుంది. పెద్ద మంటకు గంటలకొద్దీ గ్యాసు తీస్తే సిలిండరు చల్లబడి, పైన చెమట పట్టి, మంట నీరసిస్తుంది. సిలిండరు చిన్నదైన కొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువ. చలికాలపు తెల్లవారుజామున బండి దగ్గర సిలిండరును నీళ్ల తొట్టెలో నిలబెట్టడం దీనికి విరుగుడు. 21 కిలోల పలకను దోసె వేడికి తేవాలంటేనే, మంటలో సగానికి పైగా వృథా పోతుందని లెక్కవేస్తే, దాదాపు 90 గ్రాముల గ్యాసు కావాలి. మొదటి దోసె పడకముందే అయ్యే ఖర్చు అది. జనం పలుచగా ఉన్నప్పుడు కూడా బండివారు మంటను పూర్తిగా ఆర్పకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఈ లెక్కకు చట్టం మరో అంకె కలుపుతుంది. ఇంటికిచ్చే సిలిండరు 14.2 కిలోలది, వ్యాపారానికిచ్చేది 19 కిలోలది. 2000 సంవత్సరపు ద్రవీకృత పెట్రోలియం వాయువు సరఫరా ఉత్తర్వు ప్రకారం ఇంటి సిలిండరును వ్యాపారానికి వాడటం నేరం. రెండింటి ధరల మధ్య అంతరం ఎప్పుడూ ఉంది. ఉదయం నాలుగు గంటలు మాత్రమే బండి నడిపే కుటుంబానికి ఇల్లెక్కడ ముగిసి వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఉత్తర్వు రాసినంత తేలిక కాదు. పిండి ఇంట్లోనే రుబ్బుతారు, చట్నీ ఇంట్లోనే తాలింపు పెడతారు. బండి వంటింటికి చక్రాలు తొడిగిన రూపం. వీధి వ్యాపారుల జీవనోపాధికి 2014 చట్టం కొంత రక్షణ కల్పించింది, కానీ వారి మంటకు ప్రత్యేకమైన చోటు చూపలేదు. మార్కెట్లోకి వచ్చిన 5 కిలోల సిలిండరు కొందరికి ఊరట. చలి సమస్య దానికే ఎక్కువ కావడం విచిత్రం.

7. మాస్టరు, అక్క

బండి మీద పెనం ముందు నిలబడ్డ మగవాడిని తెలుగు సమాజం ‘మాస్టర్’ అని పిలుస్తుంది. దోసె మాస్టర్, టీ మాస్టర్, పరోటా మాస్టర్. ఇది వృత్తినామం. దానికి జీతం ఉంది, పేరు ఉంది, ఒక హోటల్లో మానేస్తే మరో హోటల్లో అడిగే ధర ఉంది. కోస్తా ఊళ్లలో వీధి మలుపున పొయ్యి పెట్టుకుని తెల్లవారుజామునే అట్లు పోసి అమ్మే స్త్రీలు బండ్లకు ముందునుంచీ ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. వారిని మాస్టర్ అని పిలిచినవారు లేరు. ‘అక్కా రెండట్లు’, ‘పిన్నీ ఒక పెసరట్టు’, ‘మామ్మా కారం ఎక్కువెయ్యి’. ఆమెకు దక్కేది బంధుత్వం. అదే పెనం, అదే పిండి, అదే నీళ్ల చిలకరింపు. ఒకరికి నైపుణ్యం పేరు, మరొకరికి చుట్టరికం పేరు. చుట్టరికంలో ఆప్యాయత ఉన్నమాట నిజమే. అరువు అడగడానికీ, ఇంకో గరిటె చట్నీ అడగడానికీ కూడా అదే చుట్టరికం పనికొస్తుంది. ఈ పిలుపుల తేడాను వృత్తిపదాల సంకలనాలు నమోదు చేయవలసి ఉంది. కుమ్మరం, నేత, వడ్రంగాల పదాలను ఎంతో శ్రద్ధగా సేకరించిన తెలుగు వృత్తిపదకోశ సంప్రదాయంలో వీధి వంట ఇంకా ప్రవేశించవలసిన శాఖ.

ఇంట్లోని పెనానికి గ్యాసు మంట బండి పెనం కన్నా ఆలస్యంగా వచ్చిన ఇళ్లు చాలా. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద స్వయంసహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లతో దీపం-2ను, తెలంగాణ 500 రూపాయల సిలిండరును అమలులోకి తెచ్చాయి. కనెక్షన్ ఇవ్వడం ఒక ఎత్తు, రెండో సిలిండరు కొనడం మరో ఎత్తు అన్న సంగతిని ఈ వరుస పథకాలే ఒప్పుకుంటున్నాయి. పొగ తగ్గింది. ఒక్కొక్క అట్టుగా పోసే నిలువుకాళ్ల పని మాత్రం అలాగే ఉంది. రెండు మంటల పొయ్యి మీద రెండు పెనాలు పెట్టి పోయడం నేర్చిన ఇల్లాలు ఆ పనిని సగం చేసుకుంది. ఈ సర్దుబాటును ఏ పథకమూ నేర్పలేదు.

8. సముద్రం దాటిన పెనం

అమెరికాలోని తెలుగువారి ఇళ్లలో పెనం మరో మలుపు తిరిగింది. అక్కడి అపార్ట్‌మెంట్లలో పొగను పసిగట్టే గంట అట్టు మాడితే మోగుతుంది. విద్యుత్తు పొయ్యి మీద మంటే ఉండదు. దాంతో పెనం పెరట్లోకి, వరండాలోకి వచ్చింది. అక్కడ ఎదురైనది మాంసం కాల్చుకోవడానికి చేసిన చిన్న గ్యాస్ గ్రిల్. దాని పైభాగం జాలి. జారుడు పిండి జాలి మీద నిలవదు కాబట్టి జాలి మీదో, జాలి తీసేసిన చోటో, పోత ఇనుప పలక పెట్టాలి. పైన చెప్పిన జాలి-పలకల కథ తెలుగువారికి ఇక్కడ అనుభవంలోకి వచ్చింది. కూడలి బండిలోని సమస్యలన్నీ ఇక్కడా వరుసగా ఎదురవుతాయి. గ్రిల్ మూత వేసి పలకను కాచితే త్వరగా వేడెక్కుతుంది. అయితే పలక గ్రిల్ మొత్తాన్ని కప్పితే వేడి కిందికి తిరిగి గుండీలనూ గొట్టాన్నీ తాకుతుంది. ఒక పౌను సిలిండరు, అంటే దాదాపు 465 గ్రాముల గ్యాసు, చలిరోజున సగం అట్లకే నీరసిస్తుంది. 20 పౌన్లది పెట్టుకుంటే ఆ బాధ లేదు. కానీ కాలే స్వభావమున్న వరండాల మీద, గోడలకు పదడుగుల లోపల అంత పెద్ద సిలిండరుతో వంట చేయడాన్ని అక్కడి అనేక ఊళ్ల అగ్నిమాపక నియమాలు అనుమతించవు. మినహాయింపు ఉన్నది ఆ ఒక పౌను చిన్నదానికే. కూడలిలో 14.2కూ 19కీ మధ్య ఉన్న తగువు అక్కడ ఒకటికీ ఇరవైకీ మధ్య నడుస్తోంది.

మరో తేడా ఉంది. పెరటి గ్రిల్ అమెరికా వాడుకలో మగవారి పని. వారాంతంలో స్నేహితులు వచ్చినప్పుడు, వంటింట్లో అట్టు పోయని భర్త పెరట్లో పలక ముందు నిలబడి దోసెలు వేయడం అక్కడి తెలుగు ఇళ్లలో కొత్త దృశ్యమేమీ కాదు. పెద్ద పలక మీద నాలుగైదు ఒకేసారి వస్తాయి కాబట్టి ఆ పూట ఇల్లాలు అందరితో కలిసి కూర్చుని తినగలుగుతుంది. పిండి నానబెట్టి, రుబ్బి, ముందురోజు రాత్రి వెచ్చని చోట పులియబెట్టినది ఆమే. పలకను రుద్దడానికి ఫోర్కుకు గుచ్చిన ఉల్లిపాయ అర్ధచెక్కను వంటింట్లోనుంచి పంపేది కూడా ఆమే.